కుట్టని కొసలు

పదకొండో భాగం

"బిడ్డ కాళ్ళు రెండు దినాలు సూడని తల్లి యాడన్నా ఉంటాదా?"

పొద్దున్నుంచి లాల్‌బీ ఈ మాట అనడం ఏడోసారో ఎనిమిదోసారో. జమ్మలమడుగు నుంచి తొలి బస్సుకు దిగిన దగ్గర్నుంచి ఆమెకు కాఫీ అక్కర్లేదు, నాస్తా అక్కర్లేదు, ఈ ఒక్క మాట ఉంటే చాలు. చెల్లెలి ఇంట్లో కష్టం వచ్చిందంటే అందరికన్నా ముందు వచ్చేదీ ఆవిడే, ఆ కష్టానికి ఇంకో కష్టం ముడేసి వెళ్ళేదీ ఆవిడే.

జరీనా నడింట్లో చాప మీద కూర్చుని, ఒళ్ళో నిద్రపోతున్న మూడు నెలల కొడుకు జీషాన్ కుడికాలినే చూస్తూ ఉంది. కాలికి తెల్లటి కట్టు. ఆ కట్టు కింద ఇప్పుడు నాలుగు వేళ్ళే ఉన్నాయి. చిటికెన వేలు మొన్న ఆసుపత్రిలో తీసేశారు.

"అడుగుతాండేది నిన్నేమే. నోట్లో నాలిక లేదా?"

"కాళ్ళకు సాక్సులు ఉన్న్యాయి గదా పెద్దత్తా. చలని తొడిగింటిమి."

"సాక్సులుంటే? ఇప్పి సూసేదానికి నీ చేతులేమన్నా పడిపోయినాయా?"

జరీనా తలెత్తి వంటింటి వైపు చూసింది. చూసి మళ్ళీ తల దించుకుంది.

వంటింట్లో ఆమె అత్త, లాల్‌బీ చెల్లెలు మెహబూబున్నీసా ఉల్లిగడ్డలు తరుగుతోంది. ముగ్గురు తినే ఇంటికి పెళ్ళివంటకు తరిగినన్ని తరిగింది. కోడలి చూపు తన వీపు మీద పడిందని తెలిసినా వెనక్కి తిరగలేదు. తేలు కుట్టిన దొంగ ఎక్కడన్నా అరుస్తాడా?

జరిగింది ఇది. ఆదివారం మధ్యాహ్నం బిడ్డ గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టాడు. కడుపునొప్పన్నారు, గ్రైప్ వాటర్ పట్టారు. చెవిపోటన్నారు, వెచ్చటి గుడ్డతో కాపడం పెట్టారు. ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేశారు. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టారు. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందని రెండు రోజులు నీళ్ళు కూడా పోయలేదు. మంగళవారం పొద్దున జరీనా ఇక ఎవరి మాటా వినకుండా సాక్సు లాగి చూస్తే, చిటికెన వేలు నేరేడుపండు రంగుకు తిరిగి ఉంది.

సాక్సు లోపల వేలాడే ఊలు కొస ఒకటి పోగులు పోగులుగా విడిపోయింది. అందులో వెంట్రుకంత పోగు ఒకటి వేలికి చుట్టుకుంది. బిడ్డ కాలు ఆడించేకొద్దీ అది బిగిసి చర్మంలోకి దిగిపోయింది. డాక్టరు భూతద్దం పెట్టి వెతికి కత్తిరించాల్సి వచ్చింది. పక్క వేలు దక్కింది. చిటికెన వేలు దక్కలేదు.

అసలు ఆ కొస లోపల ఎందుకు వేలాడుతోందో ఆ ఇంట్లో ఒక్కరికే తెలుసు.

* * *

ప్రొద్దుటూరు ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది? ఏడాదిలో పది నెలలు ఒంటి మీద చొక్కానే బరువు. అలాంటి ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా ఊలు అల్లడం నేర్పి పేరు తెచ్చుకుందంటే మెహబూబున్నీసా సామాన్యురాలు కాదు. ఎంత ఎండాకాలమైనా పసిబిడ్డ నెత్తికి ఊలు టోపీ పెట్టందే మనవాళ్ళకు తృప్తి ఉండదు గనక ఆమె విద్యకు కరువు రాలేదు. ఆమె నాయన ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టిన దూదేకుల మనిషి. పోగు పట్టుకోగానే దాని గుణం తెలిసే చెయ్యి ఆయన దగ్గర్నుంచే వచ్చిందని ఆమె నమ్మకం.

మధ్యాహ్నం పూట వీధిలోని ఆడవాళ్ళు ఊలు ఉండలు పట్టుకుని వచ్చి ఆమె వసారాలో కూర్చుంటారు. ఎవరు ఏం అల్లి తెచ్చినా ఆమె పైవైపు చూడదు. ముందు తిరగేసి లోపలివైపు చూస్తుంది. రంగు మార్చిన చోటల్లా మిగిలే కొసను సూదికి ఎక్కించి, వెనక కుట్ల కిందుగా ఒక పక్కకు లాగాలి. మళ్ళీ వచ్చిన దారినే వెనక్కి తిప్పి లాగాలి. ఆ తర్వాతే కత్తిరించాలి. ముడి వేస్తే ఒప్పుకోదు. వదిలేస్తే అసలే ఒప్పుకోదు.

"పైన పటారం, లోన లొటారం. నా కాడ ఇట్లాంటివి నడవవు" అని ముఖం మీదే చెప్పి, అల్లిందంతా విప్పించేది. తిట్లు తిన్నవాళ్ళే మళ్ళీ ఆమె చేతి పనిని పదిమందికి చూపించి మురిసిపోయేవాళ్ళు.

ఆ తిరగేసి చూసే అలవాటు వీధంతా పాకింది. పక్కింటి రాధికకైతే అదొక జబ్బే. ఎవరి ఇంట్లో ఊలు వస్తువు చేతికి దొరికినా ముందు తిప్పి లోపల చూస్తుంది. మెహబూబున్నీసా అల్లుతుంటే ఫోన్‌లో వీడియో తీసి నలుగురికీ పంపేది కూడా ఆ రాధికే.

మెహబూబున్నీసా చేతులకు ఏమీ కాలేదు. పాడైనవి కళ్ళు. ఏడాదిగా రెండు కళ్ళకూ పొర కమ్ముకొస్తోంది. అల్లడానికి కళ్ళతో పని లేదు, కుట్లు వేళ్ళకే తెలుస్తాయి. సూదిబెజ్జంలోకి ఊలు ఎక్కించాలంటేనే కళ్ళు కావాలి. మనవడి కోసం ఎరుపూ తెలుపూ చారలతో సాక్సులు అల్లి, ఒక్కోదానికి పన్నెండేసి కొసలు పెట్టుకుని కూర్చుని, గంటసేపు సూదితో పోరాడి ఓడిపోయింది. కోడల్ని పిలిచి ఎక్కించమంటే సరిపోయేది. నోరు రాలేదు. మెహబూబున్నీసాకు కళ్ళు పోయాయట, ఇక నేర్పలేదట అని వీధిలో అనుకుంటారని భయం. కొసలన్నిటినీ అలాగే లోపలికి తోసేసింది. లోపలే కదా, ఎవరు చూస్తారులే అనుకుంది.

అంతటితో ఆగినా బాగుండేది. ఆసుపత్రిలో అందరూ బిడ్డ చుట్టూ ఉన్నప్పుడు, గుడ్డలు తెస్తానని ఆమె ఇంటికి వచ్చింది. ఎడమకాలి సాక్సు వెతికి పట్టుకుంది. లేసులు అల్లే కొక్కెం సూది తీసుకుని, వేళ్ళతో తడుముకుంటూ, పన్నెండు కొసలనూ ఒక్కొక్కటిగా కుట్ల కిందికి లాగి, అటూ ఇటూ తిప్పి, కత్తిరించి, నున్నగా చేసి పెట్టింది. ఆ కొక్కెం సూది ముందు కూడా ఇంట్లోనే ఉంది. అప్పుడు లేని ఓపిక ఇప్పుడు భయం తెచ్చిపెట్టింది. 

* * *

భోజనాల వేళకు కువైట్ నుంచి నాసిర్ వీడియో కాల్ చేశాడు. కొడుకును చూసుకోకముందే వేలు పోయిందన్న మాట విన్న తండ్రి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గడ్డం మాసి ఉంది.

"పెద్దమ్మా, నాకొకటే అర్థం కావడంల్యా. అమ్మ అల్లిన దాంట్లో పోగు యాడిది? ముప్పై ఏండ్ల నుంచి అల్లుతాంది. ఎవురి బిడ్డకన్నా ఇట్లయిందా?"

లాల్‌బీ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు గూట్లో నుంచి ఎడమకాలి సాక్సు తీసింది. తిరగేసి ఫోన్ ముందు పెట్టింది.

"సూడు నాయనా, నీ కండ్లతోనే సూడు. ఇది ఇంగో కాలిది. ఒక్క పోగన్నా యాలాడుతాందా? అద్దం మాదిరి ఉంది. రెండూ ఒగే చెయ్యి అల్లింది గదా. మరి ఆ కాలిది ఎట్ల ఊడింది? నీ పెండ్లాం మిషన్లో ఏసి గిరగిరా తిప్పింది. అందుకు ఊడింది."

"జరీనా, నిజమేనా?"

"ఏసినా" అంది జరీనా.   "బిడ్డ గుడ్డలన్నీ ఒగేసారి ఏసినా."

"ఊలువి చేత్తో ఉతకమని అమ్మ చెప్పలేదా నీకు?"

"చెప్పింది."

"చెప్పింది. అయినా ఏసినావు. పోగు ఊడింది సూసుకోలేదు. రెండు దినాలు వాడు ఏడుస్తాంటే కాలు సూసుకోలేదు. ఫోన్ సూసుకుంటా కూర్చున్న్యావా?"

"నాసిర్, అంత మాటొద్దు నాయనా" అంది మెహబూబున్నీసా. ఆమె మాట ఆమెకే వినిపించలేదు.

"నువ్వు ఊరుకోమ్మా. నీ మంచితనంతోనే ఇంత దూరం వచ్చింది."  ఆ తర్వాత నాసిర్ గొంతులో కోపం లేదు. ఎప్పుడో తీర్మానం చేసుకున్న మాట చెబుతున్నట్టు చెప్పాడు. "మీ నాయన వస్తాండాడంట గదా జరీనా. ఆయనతో పులివెందులకు పో. బిడ్డ ఈడనే ఉంటాడు, అమ్మ కాడ."

జరీనాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బిడ్డను రెండు చేతులా ఎదకు అదుముకుంది.

"పాలు తాగే బిడ్డ. నేను ల్యాకుండా ఎట్ల?"

"డబ్బా పాలు తాగి బతికే బిడ్డలు ల్యారా? నీ కాడ వాడికి ఇంగా ఏమేమి పోతాయో."

కాల్ కట్ అయింది. లాల్‌బీ చెంగున లేచి, డబ్బా పాలు, పాలసీసా తెప్పించడానికి పక్కింటికి కేకేసింది. ఇలాంటి పనుల్లో ఆవిడకు ఎనభై ఏళ్ళొచ్చినా మోకాళ్ళు నొప్పి పుట్టవు.

* * *

అన్నం ఎవరూ తినలేదు. లాల్‌బీ బిడ్డను ఎత్తుకుని వసారాలోకి వెళ్ళాక, జరీనా వంటింట్లోకి వచ్చింది. గోడకు ఆనుకుని నిలబడింది. మెహబూబున్నీసా తోమిన గిన్నెలనే మళ్ళీ తోముతోంది.

 ఈ కోడలు ఈ ఇంటికి వచ్చి రెండేళ్ళు. అత్తాకోడళ్ళ మధ్య చిన్న మాట పట్టింపు కూడా రాలేదని వీధిలో చెప్పుకుంటారు. అది నిజమే. కాన్పు నొప్పులప్పుడు జరీనా పట్టుకుని విలవిల్లాడింది కన్నతల్లి చెయ్యి కాదు, ఈ అత్త చెయ్యి.

"అత్తా, ఒక మాట అడుగుతా. కోప్పడొద్దు."

"అడుగు."

"మిషన్లో ఏసినందుకే పోగు ఊడిందంటావా?"

మెహబూబున్నీసా కొళాయి కట్టేసింది. కోడలి ముఖం ఆమెకు మసకగా కనిపిస్తోంది. 

"ఏమో అమ్మా. ఊలు గుణం ఎట్ల చెప్పగలం?"

చెప్పాల్సిన నిజం గొంతు దాకా వచ్చింది. బయటికి వచ్చింది ఈ మాట.

జరీనా తల ఊపింది. "అయితే నేనే తీసినా వాడి వేలు. అంతే గదా అత్తా? పెద్దయినాక వాడు అడుగుతాడు. మా అమ్మ నా వేలు తీసిందని అందరికీ చెప్పుకుంటాడు. నేను కాదని చెప్పలేను." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయన చెప్పిందే నిజమేమో. నా కాడ ఉంటే వానికింగా ఏమైతాదో. బిడ్డను నువ్వే పెట్టుకో అత్తా. నువ్వయితే జాగ్రత్తగా సూసుకుంటావు."

తిట్టినా, నిలదీసినా మెహబూబున్నీసా తట్టుకునేది. అపరాధినని తనకు తానే ఒప్పేసుకున్న ఈ పిల్లను మాత్రం తట్టుకోలేకపోయింది. చెయ్యి చాచి కోడలి భుజం మీద వేయబోయింది. ఆ చెయ్యే కదా ఆ పని చేసింది అనిపించి, వెనక్కి తీసుకుంది.

వసారాలో నుంచి బిడ్డ ఏడుపు మొదలైంది. సీసా పాలు పట్టడం లేదు.

* * *

మూడు గంటలకు జరీనా తండ్రి మహబూబ్ బాషా వచ్చాడు. పులివెందులలో అరటిగెలల వ్యాపారం ఆయనది. అంత దూరం నుంచి తెలిసినవాళ్ళ ఆటో మాట్లాడుకుని, ముద్దనూరు మీదుగా వచ్చాడు. ఎప్పుడొచ్చినా వీధి మొదట్లోనే ఆయన నవ్వు వినిపించేది. ఇప్పుడు గడప దగ్గర చెప్పులు విడిచే చప్పుడు కూడా లేదు. అలవాటు కొద్దీ తెచ్చిన అరటిపళ్ళ అత్తం ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"బిడ్డను ఒగసారి సూపీయండి" అన్నాడు.

లాల్‌బీ ఒళ్ళో జీషాన్ కాళ్ళు తన్నుకుంటూ ఏడుస్తున్నాడు. మహబూబ్ బాషా వంగి, కట్టు కట్టిన కాలును ముట్టుకోకుండా పైపైన అరచెయ్యి ఆడించాడు.  పళ్ళు కింద పెట్టి, కూతురి వైపు చూశాడు. జరీనా గుడ్డల సంచీ పక్కన పెట్టుకుని మూలన కూర్చుని ఉంది.

"అంతా ఫోన్లో చెప్పినాం గదప్పా నీకు" అంది లాల్‌బీ. "నీ బిడ్డను నువ్వు తీస్కపో. మా బిడ్డను మేం సూసుకుంటాం. నాసిర్ వచ్చినాక మిగిలింది మాట్లాడుకుందాం."

మహబూబ్ బాషా గొడవకు దిగుతాడనే లాల్‌బీ అనుకుంది, కొంగు బిగించి కూర్చుంది. ఆయన మెహబూబున్నీసా ముందుకు వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"అక్కా, తప్పు మాదే. తల్లి ల్యాని పిల్లని గారాబం చేసినా. పని నేర్పలేదు. నన్నేమన్నా అనండి, పడతా. బిడ్డను మాత్రం తల్లి కాడ నుంచి ఎడం చేయొద్దక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా."

అరవై ఏళ్ళ మనిషి నిజంగానే వంగాడు.

మెహబూబున్నీసా వెనక్కి జరిగింది. గోడ తగిలింది.

"లెయ్యన్నా. నీ బిడ్డ తప్పేం ల్యా. తప్పు నాది."

మహబూబ్ బాషా జోడించిన చేతులతోనే తలెత్తాడు.

"సాక్సు లోపల కొసలు నేను కుట్టలేదు. ఊరికే తోసేసినా. మిషన్లో ఏసినా ఏయకపోయినా, అది ఒగనాటికి ఊడేదే."

లాల్‌బీ ముందు నోరు తెరిచింది, తర్వాత నవ్వింది. "సూసినావప్పా మా చెల్లెలి గుణం! కోడలు ఏడుస్తాంటే సూడల్యాక నెత్తినేసుకుంటాంది." అంటూనే ఫోన్ అందుకుని నాసిర్‌కు కలిపింది. "నాయనా, మీ అమ్మకు నువ్వే చెప్పు. నేనే కుట్టలేదంటాంది."

"అమ్మా!" నాసిర్ గొంతు విసుగ్గా వచ్చింది. "ఆయమ్మిని కాపాడేదానికి నీ మీద ఏసుకుంటాండావు. ఎవురు నమ్ముతారు? ఇంగో సాక్సు నేనే సూసినా గదా."

"అది తర్వాత కుట్టినా. మొన్న. అందరూ ఆస్పత్రిలో ఉన్న్యప్పుడు, కొక్కెం సూదితో తడుముకుంటా లాగినా."

"పోనీలేక్కా" అన్నాడు మహబూబ్ బాషా నెమ్మదిగా. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. "నీ చేతి పని పులివెందులలో కూడా తెలుసు జనాలకు. నా బిడ్డ కోసం నువ్వు అబద్ధం ఆడాల్సిన పన్లేదు. నీ మంచి మనసుకు నేను రుణపడి ఉంటా."

ఇది మెహబూబున్నీసా అనుకోని సంగతి. నిజం చెప్పడమే కష్టం, చెబితే చాలు అనుకుంది. ముప్పై ఏళ్ళ మంచిపేరు ఇప్పుడు అడ్డం వచ్చి నిలబడింది. రుజువుకు మిగిలిన ఒక్క సాక్సునూ తన చేత్తోనే నున్నగా చేసి పెట్టింది.

ఆమె గూటి దగ్గరికి వెళ్ళి అల్లిక డబ్బా తెచ్చింది. నడింట్లో, అందరి మధ్యా కూర్చుంది. పెద్ద బెజ్జం ఉన్న సూది ఒక చేత్తో, ఎర్ర ఊలు కొస ఇంకో చేత్తో పట్టుకుంది.

"అక్కా, ఆ ఫోన్ ఇట్ల తిప్పు. వాడు గూడా సూడనీ."

మొదటిసారి ఊలు బెజ్జం పక్క నుంచి పోయింది. నోట్లో తడిపి, మెలిపెట్టి, మళ్ళీ ప్రయత్నించింది. కొస ఆమె బొటనవేలికి తగిలింది. మూడోసారి అసలు సూదికే తగల్లేదు. ఎంత దూరం పెట్టినా, ఎంత దగ్గర పెట్టినా, సూది ఆమెకు ఒక తెల్లటి గీతలాగే ఉంది. నలుగురూ చూస్తున్నారు.  నాలుగోసారి, ఐదోసారి, ఆరోసారి. ఏడాదిగా దాచుకున్న సిగ్గంతా నడింట్లో పరిచి కూర్చున్నట్టుంది ఆమెకు. అయినా ఆపలేదు.

లాల్‌బీ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. వంగి చెల్లెలి చెవిలో గట్టిగా గొణిగింది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీదనే పడ్తాది మే. చాలు, లెయ్."

"సాలు అమ్మా" అన్నాడు నాసిర్ కూడా. ఇప్పుడు ఆ గొంతులో విసుగు లేదు. "ఆపు. సూడల్యాకపోతాండా."

మెహబూబున్నీసా సూది కింద పెట్టింది. నమ్మారు. ఇప్పుడు అందరూ నమ్మారు. ఏడవాలనిపించింది గానీ, ఆ హక్కు తనకు లేదనిపించింది.

మూలన కూర్చున్న జరీనా లేచింది. పొద్దున్నుంచీ వంగి ఉన్న నడుము ఇప్పుడు నిటారుగా ఉంది. అత్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"అత్తా, ఆదివారం మధ్యాన్నం వాడు ఏడుపు మొదలు పెట్టగానే, సాక్సులు ఇప్పి సూస్తానంటి. నువ్వు వద్దంటివి. కాళ్ళకు గాలి తగుల్తాది, తీయొద్దంటివి. గుర్తుందా?"

మెహబూబున్నీసా తల ఊపింది.

"ఆ పొద్దు వద్దన్నది చలికేనా?"

ఒక్క మాట చాలు. చలికే అంటే ఎవరూ కాదనరు. డిసెంబరు నెల. పసిబిడ్డ. ఏ ముసలామె అయినా అదే చెబుతుంది. కళ్ళు కనపడక చేసిన తప్పును రేపో మాపో క్షమిస్తారు కూడా. కోడలే ముందు క్షమిస్తుంది, ఆ పిల్ల మనసు అలాంటిది. జరీనా కళ్ళు ఆ ఒక్క మాట కోసం బతిమాలుతున్నట్టే ఉన్నాయి.

"కాదు" అంది మెహబూబున్నీసా.

జరీనా కదల్లేదు.

"అప్పుడు వసారాలో రాధిక కూర్చోని ఉన్న్యాది. సాక్సు ఇప్పితే చేతికి తీసుకుని తిప్పి సూస్తాది. లోపల కొసలు కనపడ్తాయి. అందుకని వద్దంటి. పోగు చుట్టుకుంటాదని నాకు తెలీదు జరీనా. అల్లా సాక్షిగా తెలీదు. తెలిసుంటే..."

ఆ తర్వాత మాట జరీనా వినలేదు. లాల్‌బీ దగ్గరికి పోయి, ఆమె చేతుల్లో నుంచి బిడ్డను తీసుకుంది. లాల్‌బీ గట్టిగా పట్టుకుందామనుకుంది గానీ, ఆ పిల్ల ముఖం చూసి వేళ్ళు వాటంతట అవే వదిలేశాయి. తల్లి భుజం మీద ముఖం పెట్టుకోగానే జీషాన్ ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది.

"పా నాయనా, పోదాం" అంది జరీనా తండ్రితో.

"జరీనా!" ఫోన్‌లో నుంచి నాసిర్ కేక. "అమ్మ చేసింది తప్పే. నేను కాదనను. నువ్వు పోవల్లంటే పో. బిడ్డను ఈడ పెట్టి పో!"

జరీనా గుడ్డల సంచీ కూడా తీసుకోలేదు. వాకిలి వైపు నడిచింది.

"వాకిలెయ్ పెద్దమ్మా! బిడ్డను గడప దాటనీయొద్దు! అమ్మా, వాకిలెయ్!"

లాల్‌బీ పరుగున పోయింది. అంతకుముందే మెహబూబున్నీసా వాకిలి చేరుకుని తలుపు రెక్క పట్టుకుంది. వేయడానికే అనుకుని మహబూబ్ బాషా మధ్యలోనే ఆగిపోయాడు. ఆమె రెక్కను గోడకు ఆనేదాకా తోసింది. అక్క చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, తను కూడా పక్కకు జరిగి నిలబడింది.

జరీనా గడప దాటింది. అత్త వైపు చూడలేదు. దాటుతున్నప్పుడు బిడ్డ కట్టు కట్టిన కాలు మెహబూబున్నీసా మోచేతికి తగిలింది. వెనకే మహబూబ్ బాషా చెప్పులు తొడుక్కుని వెళ్ళాడు. ఏదో చెప్పబోయి, ఏమీ చెప్పకుండానే ఆటో ఎక్కాడు. ఆటో మలుపు తిరిగే దాకా చప్పుడు వినిపించింది.

"అమ్మా, వాకిలేసినావా?"

ఫోన్ చాప మీద వెల్లకిలా పడి ఉంది. మెహబూబున్నీసా వంగి దాన్ని చేతిలోకి తీసుకుంది. కొడుకు ముఖం ఆమెకు కనిపించలేదు, వెలుగు మాత్రం కనిపించింది.

"లేదు నాయనా. నేనే దారిచ్చి పంపిచ్చినా."

 కాల్ కట్ అయిందేమోనని ఆమె ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుంది.

"సరే" అన్నాడు నాసిర్. "సెలవు దొరికింది. వచ్చే శుక్రవారానికి వస్తాండా. ప్రొద్దుటూరుకు రాను. నేరుగా పులివెందులకే పోతా. బిడ్డను తెచ్చుకోని యాడ పెట్టుకోవల్లో నేను సూసుకుంటా. నీ కాడికి మాత్రం తేను."